మందుల చీటీతోపాటు తిండి చీటీ

(బడంగ్‌పేటలో కొత్తగా చదువు నేర్చుకున్న మహిళల కోసం తయారుచేసిన ప్రసంగం)



మీలో కొందరి ఇళ్లలో గోడకు ఒక ఫోటో వుంటుంది. మిలిటరీ బట్టలు, ఛాతీ మీద మెడల్సు, నిటారుగా నిలబడిన మనిషి. ఇప్పుడు ఆ మనిషే ఆ ఫోటో కింద మంచం మీద కూర్చుని షుగరు గోలీ వేసుకుంటూ వుంటాడు. ఫౌజులో వున్నప్పుడు కొండలెక్కినవాడికి ఇప్పుడు మెట్లెక్కితే ఆయాసం.

బడంగ్‌పేటలో, పక్కన బాలాపూర్‌లో, మీర్‌పేటలో, నాదర్‌గుల్‌లో ఇట్లాంటి ఇళ్లు కనిపిస్తాయి. ఫౌజు నుంచి రిటైరై వచ్చి, వచ్చిన డబ్బుతో చిన్న జాగా కొనుక్కుని ఇల్లు కట్టుకున్నవాళ్లు వున్నారు. కొందరు మళ్లీ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరతారు. రాత్రంతా మేలుకుని గేటు దగ్గర కూర్చుంటారు. పొద్దున ఇంటికొచ్చి తిని పడుకుంటారు.

వాళ్లకు జబ్బు చేస్తే డాక్టరు మందులు రాస్తాడు. చివర్లో ఒక మాట అంటాడు: "తిండి జాగ్రత్త!" ఆ మాట విని ఇంటికొస్తారు. జాగ్రత్త అంటే ఏమిటి? ఎంత అన్నం? ఎన్ని రొట్టెలు? ఉప్పు ఎంత? ఆ లెక్క చెప్పేవాళ్లు వేరే వున్నారు. వాళ్లను డైటీషియన్ అంటారు. ఆస్పత్రిలో రోగికి తగిన తిండి నిర్ణయించే మనిషిని క్లినికల్ డైటీషియన్ అంటారు. ఈ పనిలో ఆడవాళ్లే ఎక్కువ. ఈ రోజు మాట వాళ్ల గురించే.

ఫౌజుకూ తిండికీ పాత సంబంధం

జబ్బుపడ్డ సిపాయికి మంచి తిండి పెట్టాలన్న సంగతి యుద్ధాలే నేర్పాయి. 1854లో క్రిమియా యుద్ధం జరుగుతోంది. ఫ్లోరెన్స్ నైటింగేల్ అనే నర్సమ్మ గాయపడ్డ సిపాయిల ఆస్పత్రికి వెళ్లింది. అక్కడ మాంసం సగం వుడికీ వుడకకుండా వచ్చేది. జావ తాగే రోగికీ అదే, మామూలు మనిషికీ అదే. ఆమె రోగుల కోసం వేరే వంటగది పెట్టించింది. మరుసటి ఏడు అలెక్సిస్ సోయర్ అనే పేరున్న వంటవాడు కూడా వెళ్లి ఆ వంటశాలలను బాగు చేశాడు.

ఇంకో కథ మన సిపాయిలది. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా, ఇప్పటి ఇరాక్‌లో కుట్ అనే వూళ్లో ఒక సైన్యాన్ని శత్రువులు చుట్టుముట్టారు. లోపల తెల్ల సిపాయిలూ వున్నారు, మన దేశపు సిపాయిలూ వున్నారు. తెల్లవాళ్లు తెల్లటి మైదా రొట్టె తిన్నారు. వాళ్లకు కాళ్లు వాచి, నరాలు పట్టు తప్పే బెరిబెరి జబ్బు వచ్చింది. మనవాళ్లు పొట్టు వున్న గోధుమ పిండి, పప్పు తిన్నారు. వాళ్లకు బెరిబెరి అంతగా రాలేదు. అయితే వాళ్లకు కూరగాయలు దొరకలేదు. దాంతో చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు పట్టుకుంది. ఒకే కోట, ఒకే కష్టం. కంచంలో వున్నదాన్ని బట్టి ఒకరికి ఒక జబ్బు, ఇంకొకరికి ఇంకో జబ్బు.

ఆ కాలంలోనే రాబర్ట్ మెకారిసన్ అనే మిలిటరీ డాక్టరు వుండేవాడు. ఆయన 1918లో నీలగిరి కొండల్లో కూనూరులో ఒక్క గదిలో పరిశోధన మొదలుపెట్టాడు. బెరిబెరి ఎందుకు వస్తుందో కనుక్కోవడం ఆయన పని. ఎలుకలకు రకరకాల ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూర తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యంతో, కూర తక్కువగా బతికిన ఎలుకలు చిక్కిపోయాయి. అన్నం తినే ప్రాంతం వాళ్లకు ఆ మాట కొంచెం గుచ్చుకునేదే. కానీ నిజం.

ఆ ఒక్క గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. తార్నాకలో వున్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అంటే దేశం మొత్తానికి తిండి లెక్కలు చెప్పే చోటు మన వూరి నుంచి బస్సులో పోయి వచ్చేంత దూరంలోనే వుంది. దాన్ని చాలా ఏళ్లు నడిపిన డాక్టర్ సి. గోపాలన్ కూడా ఆ సంస్థ పుట్టిన 1918లోనే పుట్టాడు. నూరేళ్లు నిండాక 2019లో పోయాడు. తిండి గురించి చెప్పినవాడు నూరేళ్లు బతికాడంటే వినేవాళ్లకు కొంత నమ్మకం కలుగుతుంది కదా!

ఒక ఇల్లు అనుకుందాం

బడంగ్‌పేటలో ఒక రిటైరైన హవల్దారు. వయసు 62. షుగరు వుంది, బీపీ వుంది. ఎన్నడో సరిహద్దులో దెబ్బ తగిలి, ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. పెట్టుడు కాలుతో నడుస్తాడు. ఆయన్నీ భార్యనూ డాక్టరు డైటీషియన్ దగ్గరికి పంపాడు. అక్కడ మాట ఇట్లా సాగుతుంది.

"నిన్న పొద్దుగాల లేచినప్పటి నుంచి ఏమేం తిన్నారు సార్?"

"ఏం తింటం మేడమ్! షుగర్ పేషెంటుకు ఏముంటది? రెండు జొన్నరొట్టెలు, అంతే."

భార్య పక్కనుంచి అందుకుంటుంది. "రెండెక్కడివి? నాలుగు. పొద్దుగాల చాయ్‌ల బిస్కెట్లు. డ్యూటీకి పొయ్యేటప్పుడు మిర్చి బజ్జీలు. రాత్రి గేటుకాడ మళ్ల చాయ్ మూడుసార్లు. చక్కెర లేకుంటే తాగడు."

హవల్దారు మీసం సవరించుకుంటాడు. డైటీషియన్ నవ్వదు, కోప్పడదు. అన్నీ రాసుకుంటుంది. ఆమె మొదటి పని ఇదే. తిన్నది తిన్నట్టు తెలుసుకోవడం. ఇంట్లో వంట చేసే మనిషి పక్కన లేకపోతే ఈ లెక్క సగమే వస్తుంది.

తర్వాత బరువు తూస్తుంది. ముల్లు 66 కిలోలు చూపిస్తుంది. ఆమె మాత్రం కాగితం మీద 70 అని వేసుకుంటుంది. ఎందుకు? మనిషి బరువులో మోకాలి కింది కాలు, పాదంతో కలిపి, నూటికి ఆరు వంతులు వుంటుంది. ఆ కాలు ఇప్పుడు లేదు. లేని కాలి బరువు కూడా కలిపితేనే ఆయన ఎత్తుకు ఎంత బరువు వున్నాడో సరిగ్గా తెలుస్తుంది. తొడ దగ్గర నుంచి కాలు పోయినవాళ్లకు నూటికి 16 వంతులు లెక్క కట్టాలి. ఈ సంగతి తెలియనివాళ్లు "66 కిలోలేగా, బాగానే వున్నాడు" అని పంపేస్తారు. బరువు పెరిగితే పెట్టుడు కాలు బిగుసుకుంటుంది, మిగిలిన కాలు మీద భారం పడుతుంది. షుగరు వున్న మనిషికి ఆ ఒక్క పాదంలో పుండు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మన ఫౌజులో గాయపడ్డవాళ్ల కోసం పుణెలో 1944 నుంచి కృత్రిమ అవయవాల కేంద్రం నడుస్తోంది. అక్కడే ఖడ్కీలో వెన్నెముక దెబ్బతిని కాళ్లు పడిపోయిన సిపాయిల కోసం 1974 నుంచి ఒక కేంద్రం వుంది. వెన్ను దెబ్బతిన్న మనిషికి తిండి లెక్క ఇంకో రకం. కదలిక తక్కువ, కాబట్టి అన్నం తక్కువ సరిపోతుంది. కానీ మంచం పుండ్లు పడకుండా, పడితే మానేట్టు పప్పు, గుడ్డు, పాలు బాగా కావాలి. మలబద్ధకం రాకుండా పీచు, నీళ్లు కావాలి. ఒకవైపు తగ్గించాలి, ఇంకోవైపు పెంచాలి. ఇట్లాంటి చోట "బాగా తినిపించండి" అన్న మాట పనికిరాదు.

మళ్లీ హవల్దారు దగ్గరికి వద్దాం. డైటీషియన్ రక్తపరీక్ష కాగితం చూస్తుంది. మూడు నెలల సగటు షుగరు ఎంత, కిడ్నీ ఎట్లా పనిచేస్తోంది, కొవ్వు ఎంత. మందుల పేర్లు చూస్తుంది. ఆమె మందులు మార్చదు. అది డాక్టరు పని. కానీ ఏ మందుకు ఏ తిండి, ఏ టైముకు అన్నది ఆమె చూస్తుంది.

ఫౌజులో పద్ధతి వేరు. పొద్దున్నే పరుగు, పరేడు, బరువులు మోయడం. అంత పనికి అంత తిండి పెడతారు. పని ఆగిపోయింది గాని ఆకలి అలవాటు ఆగలేదు. కంచం సైజు అదే, నడక మాత్రం గల్లీ చివరి దాకా. చాలామంది మాజీ సైనికులకు వచ్చే చిక్కు ఇదే. దీన్ని ఆయన తప్పుగా చూడకూడదు. 20 ఏళ్లు అట్లా తిన్న ఒళ్లు అది.

జొన్నరొట్టె షుగరుకు మంచిదే. అయితే ఎన్ని తిన్నా ఫరవాలేదు అనుకోవడం పొరపాటు. జొన్నలో కూడా పిండే వుంది. నాలుగు రొట్టెలు, కాసింత కారం కాదు. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, గిన్నెడు ఆకుకూర. ఆ కడుపే నిండుతుంది. రాగిజావ కూడా అంతే. పల్చగా కాచి గటగటా తాగితే షుగరు తొందరగా ఎక్కుతుంది. రాగి సంకటి కూరతో తింటే నెమ్మదిగా ఎక్కుతుంది.

రాత్రి డ్యూటీ వున్న మనిషికి టైము ముఖ్యం. ఇన్సులిన్ సూది వేసుకుని, "బస్సు పోతది" అని తినకుండా పరుగెత్తితే ప్రాణం మీదికి వస్తుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. చూసినవాళ్లు తాగాడనుకుంటారు. షుగరు పడిపోయిందని వాళ్లకు తెలియదు. అప్పుడు మనిషి స్పృహలో వుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆయన జేబులో చక్కెర పొట్లం వుండాలి. షుగరు జబ్బుకు చక్కెర మందయ్యే వేళ అదొక్కటే.

ఇక తాగుడు. క్యాంటీన్ రమ్ము గురించి ఆడవాళ్లు ఎక్కువ చెప్తారు, మగవాళ్లు తక్కువ చెప్తారు. డైటీషియన్ ఆ మాట కూడా అడుగుతుంది. రోజూ తాగి అన్నం సరిగ్గా తినని మనిషికి బి1 అనే విటమిన్ తగ్గిపోతుంది. కుట్ కోటలో తెల్ల సిపాయిలకు తగ్గింది కూడా అదే. నరాలు దెబ్బతింటాయి, మతిమరుపు వస్తుంది. నూరేళ్ల కిందటి జబ్బు సీసాలోంచి మళ్లీ వస్తుందన్నమాట.

ఉప్పు లెక్క

ఈ లెక్క మీరే వేయగలరు. కూడికలు, గుణింతాలు నేర్చుకున్నారు కదా.

ఒక మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలు. అంటే ఒక చిన్న చెంచా. ఇంట్లో నలుగురు వుంటే రోజుకు 20 గ్రాములు. కిలో ఉప్పు ప్యాకెట్ అంటే 1000 గ్రాములు. 1000ని 20తో భాగించండి. 50 వచ్చింది. అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో ఎన్ని రోజులకు అయిపోతోంది? ప్యాకెట్ మీద కొన్న తేదీ రాసి పెట్టండి. నెలకే అయిపోతే బీపీ గోలీ ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేత్తో బీపీ పెంచుతున్నట్టే. ఆవకాయ, అప్పడాలు, బయట కొనే మిక్స్చరు ఈ లెక్కలో లేవు. వాటి ఉప్పు వేరే.

బీపీకి మంచిదని ఒక రకం తక్కువ సోడియం ఉప్పు అమ్ముతారు. అందులో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి అది ప్రమాదం. ఒంట్లో పొటాషియం పేరుకుని గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు కొబ్బరినీళ్లు, అరటిపండు కూడా లెక్క చూసే ఇవ్వాలి. కొన్ని కూరలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో వుడికించి, ఆ నీళ్లు పారబోసి వండాలి. మంచి తిండి అని లోకమంతా చెప్పేది ఒక రోగికి విషమవుతుంది. అందుకే పక్కింటి చార్టు చూసి మీ ఇంట్లో వండకూడదు.

పండగల మాట వస్తుంది. బాలాపూర్ గణేశ్ లడ్డూ తెలియనివాళ్లు ఇక్కడ లేరు. 1994లో 450 రూపాయలకు మొదలైన వేలం ఇప్పుడు లక్షల్లోకి పోయింది. ప్రసాదం చేతిలో పెడితే వద్దనలేరు. మంచి డైటీషియన్ వద్దనదు కూడా. చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది మనవడి చేతిలో పెట్టమంటుంది. ఏదీ తినొద్దు అన్న చార్టు వారం కూడా నడవదు.

ఎవరు డైటీషియన్? ఎవరు కాదు?

పొడి డబ్బాలు అమ్మేవాళ్లు కూడా "మేం పోషకాహార నిపుణులం" అంటారు. నెలకు మూడు, నాలుగు వేలు గుంజుతారు. "షుగరు మందులు మానెయ్యండి, ఈ పొడి చాలు" అనేవాళ్లను గడప దాటనివ్వకూడదు.

నిజమైన డైటీషియన్ చదువు ఇట్లా వుంటుంది. ఇంటర్ తర్వాత మూడేళ్లు ఆహారం, పోషణ లేదా హోమ్ సైన్స్‌లో డిగ్రీ. దాని మీద రెండేళ్లు ఎమ్మెస్సీ, లేదంటే డైటెటిక్స్‌లో పీజీ డిప్లొమా. తర్వాత ఆస్పత్రిలో ఆరు నెలల శిక్షణ. అప్పుడు ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పరీక్ష పెడుతుంది. 1960ల్లో ఏర్పడిన సంఘం అది. నెగ్గితే రిజిస్టర్డ్ డైటీషియన్ అని పేరు పక్కన రాసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ నంబరు వుంటుంది. 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. డాక్టర్లు, నర్సులు కాకుండా ఆస్పత్రుల్లో పనిచేసే ఇతర నిపుణుల కోసం చేసిన చట్టం అది. అందులో డైటీషియన్లను కూడా చేర్చారు.

అమెరికాలో 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, లెన్నా కూపర్, లూలూ గ్రేవ్స్ అనే ఇద్దరు ఆడవాళ్లు ముందుండి డైటీషియన్ల సంఘం పెట్టారు. ఇప్పుడు అక్కడ మాజీ సైనికుల కోసం ప్రభుత్వమే ఆస్పత్రులు నడుపుతుంది. వాటిలో పనిచేయాలంటే డైటీషియన్‌కు రిజిస్ట్రేషన్ వుండి తీరాలి. 2024 నుంచి ఆ పరీక్ష కొత్తగా రాసేవాళ్లకు పీజీ చదువు తప్పనిసరి చేశారు.

మీరు మాత్రం మూడు ప్రశ్నలు అడిగితే చాలు. "ఏం చదివారమ్మా? ఏ ఆస్పత్రిలో శిక్షణ అయింది? రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?" నిజంగా చదువుకున్న మనిషి కోపం తెచ్చుకోదు.

కార్డు ఎవరిది?

మాజీ సైనికుల వైద్యం కోసం 2003 ఏప్రిల్ 1 నుంచి ఇ.సి.హెచ్.ఎస్. అనే పథకం వుంది. పింఛను వచ్చే మాజీ సైనికుడు ర్యాంకును బట్టి ఒకసారి డబ్బు కడితే కార్డు ఇస్తారు. యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న ఆడవాళ్లు, 1996కు ముందు రిటైరైనవాళ్లు ఆ డబ్బు కట్టనక్కర్లేదు. ముందు పాలిక్లినిక్‌కు పోవాలి. అక్కడి డాక్టరు చూసి, అవసరమైతే పథకంలో చేరిన పెద్ద ఆస్పత్రికి రాసి పంపుతాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నేరుగా ఆస్పత్రికి పోవచ్చు. 48 గంటల లోపల పాలిక్లినిక్‌కు తెలియజేయాలి. ఆస్పత్రిలో చేరినప్పుడు "డైటీషియన్‌ను పిలవండి, ఇంటికి పోయేముందు చార్టు రాసివ్వండి" అని అడగండి. అడగకపోతే అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపేస్తారు. అందులో తెలియని తిండి పేర్లు వుంటాయి. ఆ పేర్లు కొట్టేసి, మీ ఇంట్లో వండేవి రాయించుకోండి. జొన్నరొట్టె, పచ్చిపులుసు, చింతచిగురు పప్పు.

ఇంకో సంగతి. ఈ పథకంలో భార్య కూడా వుంది. ఆమెకు కూడా కార్డు వుంటుంది.

హవల్దారు చార్టు రాయడం అయ్యాక డైటీషియన్ కలం పక్కన పెట్టకుండా అడుగుతుంది:

"మరి నువ్వేం తింటవమ్మా?"

"నాకేమైంది మేడమ్? అందరు తిన్నంక మిగిలింది తింట. ఈయనకు రొట్టె, పిల్లలకు అన్నం. రాత్రిది వుంటే పొద్దుగాల నేనే తింట."

"మెట్లెక్కితే ఆయాసం వస్తదా?"

ఆమె జవాబు చెప్పదు. హవల్దారు ఆమె వైపు చూస్తాడు. 35 ఏళ్లుగా పక్కనే వున్న మనిషి. డైటీషియన్ ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూస్తుంది. లోపల తెల్లగా వుంది. డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించుకొమ్మని రాస్తుంది. ఆడవాళ్లకు రక్తంలో హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ వుంటే రక్తహీనత అంటారు. ఆమెకు 8 వచ్చింది. డాక్టరు ఐరన్ గోలీలు రాశాడు. ఆ వయసులో రక్తం ఎందుకు తగ్గిందో తెలుసుకోవడానికి ఇంకో పరీక్ష కూడా రాశాడు. డైటీషియన్ రెండో చార్టు రాసింది. తోటకూరో పాలకూరో రోజూ, పైన నిమ్మకాయ పిండుకోవాలి. వారానికి నాలుగు గుడ్లు. అన్నం తిన్న వెంటనే చాయ్ వద్దు, గంట ఆగాలి. అందరితోపాటు కూర్చుని తినాలి.

ఇంటికొచ్చాక రెండు చార్టులూ వంటింటి తలుపుకు అంటించారు. ఆమెకు ఇప్పుడు చదవడం వచ్చు. మొదట హవల్దారు చార్టు వేలు పెట్టి చదివింది. రొట్టెలు 2. పప్పు 1 గిన్నె. ఉప్పు 5 గ్రాములు. తర్వాత రెండోది చదవబోతుంటే ఆయన అద్దాలు పెట్టుకుని పక్కకు వచ్చాడు.

"అది నేను చదువుత," అన్నాడు. "ఇయ్యాల గుడ్డు ఎవరికో చూస్త."